ఇండియాతో ఆడేటప్పుడు ఫాల్కనెట్ కోసం వెతకొద్దు

దేశాన్ని కట్టి సైన్యంతో యుద్ధం చేసే కంప్యూటర్ గేమ్ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3 మొదలుపెట్టిన కొత్తలో నేను చాలా కాలం యూరప్ దేశాలతోనే ఆడాను. ఆ అలవాటుతో, ఆసియా దేశాలుండే దాని అదనపు భాగం ఏషియన్ డైనస్టీస్‌లోకి వచ్చినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, నేనూ అదే చేశాను. ఆటలో ఫోర్ట్రెస్ ఏజ్ అనే దశకి చేరగానే మన చెయ్యి దానంతటది ఫిరంగులు తయారుచేసే ఆర్టిలరీ ఫౌండ్రీ బటన్ కోసం వెతుకుతుంది. చైనా, జపాన్, ఇండియా మూడింటికీ అది లేదు. ఫిరంగులన్నీ కాసిల్‌లోనే తయారవుతాయి. సరే, బిల్డింగ్ పేరు మారిందంతే కదా అనుకుని లోపలున్న యూనిట్లను కూడా పాత లెక్కలోనే చూస్తాం. ఇది వాళ్ల ఫాల్కనెట్ అయ్యుంటుంది, ఇది వాళ్ల కల్వరిన్ అయ్యుంటుంది అని జత కలుపుకుంటూ పోతాం. ఓటమి అక్కడే మొదలవుతుంది.

యూరప్ లెక్క చాలా శుభ్రంగా ఉంటుంది. ఫాల్కనెట్ కాల్బలం గుంపు మీదకి, కల్వరిన్ ఎదుటివాడి ఫిరంగుల మీదకి, మోర్టార్ గోడలు, కోటల మీదకి. మూడు పనులకి మూడు యూనిట్లు, ఏ దేశం తీసుకున్నా దాదాపు అదే వరస. ఆసియా దేశాల్లో ఆ మూడు పనులు అలాగే ఉంటాయి గానీ వాటిని పంచుకునే తీరు ఒక్కో దేశానిది ఒక్కోలా ఉంటుంది. ఒకచోట రెండు పనులు ఒకే యూనిట్ చేస్తుంది, ఇంకోచోట ఒక పని ఎవరూ చెయ్యరు. ఆ చెయ్యని పని ఏదో ముందే తెలుసుకుని దాన్ని మామూలు సైన్యంతో భర్తీ చేసుకోవాలి. నాకు ఇది అర్థం కావడానికి చాలా ఆటలు పట్టింది, అందుకే రాస్తున్నాను.

ముందు కాసిల్ గురించి ఒక మాట. యూరప్ వాళ్లకి ఫౌండ్రీ అంటే ఊరికే ఒక కార్ఖానా, దాని మీద దాడి జరిగితే అది తిరిగి ఏమీ చెయ్యలేదు. కాసిల్ అలా కాదు, అది శత్రువు మీద కాల్పులు జరుపుతుంది, పక్కనే ఫిరంగులనూ తయారు చేస్తుంది. అంటే ఫిరంగి పుట్టిన చోటే దానికి కాపలా కూడా ఉంటుంది. అందుకే నేను కాసిల్‌ని టౌన్ సెంటర్ వెనక దాచకుండా యుద్ధం జరగబోయే వైపు ముందుకు కడతాను. ఎన్ని కట్టొచ్చో పరిమితి ఉంటుంది కాబట్టి చోటు ఆలోచించి పెట్టాలి, ఒకసారి తప్పు చోట కడితే ఆట మొత్తం ఆ తప్పు వెంటాడుతుంది.

చైనా నుంచి మొదలుపెడతాను, కొత్తవాళ్లకి ఇదే సులువు. చైనాతో ఆడేటప్పుడు సైన్యం విడివిడిగా రాదు, వార్ అకాడమీలో బ్యానర్ ఆర్మీలు జంటలుగా వస్తాయి. ఓల్డ్ హాన్ ఆర్మీ అంటే చు కో ను విలుకాళ్లు, కియాంగ్ ఈటెలవాళ్లు కలిసి వస్తారు, టెరిటోరియల్ ఆర్మీ అంటే ఆర్క్విబస్ తుపాకులవాళ్లు, చాంగ్‌దావో కత్తివాళ్లు. నాకు ఒట్టి తుపాకులవాళ్లే కావాలంటే కుదరదు. కాసిల్ దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఈ జంటల గొడవ లేదు. హ్యాండ్ మోర్టార్ కావాలంటే హ్యాండ్ మోర్టార్లే, ఫ్లేమ్ త్రోయర్ కావాలంటే ఫ్లేమ్ త్రోయర్లే. జంటల్లో వచ్చిన సైన్యంలో ఏది తక్కువైందో చూసుకుని ఆ ఖాళీని కాసిల్‌తో పూడ్చుకోవచ్చు, చైనా ఆటలో నాకు బాగా నచ్చే భాగం ఇదే.

హ్యాండ్ మోర్టార్ అంటే ఒక్క మనిషి చేతపట్టుకుని నడిచే చిన్న మోర్టార్. బండి లేదు, గుర్రాలు లేవు, ఆగి విప్పి నిలబెట్టే పని లేదు. యూరప్ ఫిరంగులతో ఆడినవాళ్లకి ఆ విప్పడం ఎంత టెన్షనో తెలుసు, శత్రువు గుర్రాలు వస్తున్నాయని చూసి వెనక్కి లాగుదామంటే ముందు ఫిరంగిని బండికి కట్టాలి, ఆ లోపలే సగం పోతాయి. హ్యాండ్ మోర్టార్లు మాత్రం మామూలు సైనికుల్లా వస్తాయి, పోతాయి. ఎదుటివాడి ఫిరంగులకి, గోడలకి రెండింటికీ పనికొస్తాయి, అంటే కల్వరిన్, మోర్టార్ రెండు పనులూ ఒక్క యూనిట్‌లో ఉన్నాయి. విడిగా చూస్తే ఒక్కోటి బలహీనమే, ఒక్క కల్వరిన్ దెబ్బకీ ఒక్క హ్యాండ్ మోర్టార్ దెబ్బకీ పోలికే లేదు. కానీ చైనాకి పాపులేషన్ పరిమితి మిగతా వాళ్లలా 200 కాదు, 220. ఆ అదనపు ఇరవైని నేను ఎప్పుడూ వీటికే ఖర్చు పెడతాను. గుంపుగా తీసుకెళ్లి ఎదుటివాడి ఫిరంగుల మీద ఒకేసారి గురి పెడితే చాలు.

ఫ్లేమ్ త్రోయర్ దీనికి పూర్తిగా వేరు. దగ్గరకి వెళ్లి కాల్బలం మీద మంట పోస్తుంది. రేంజ్ తక్కువ కాబట్టి దూరం నుంచి కాల్చే తేలికపాటి కాల్బలం కనబడితే వీటిని ముందుకు పంపడం దండగ, దగ్గరకి చేరకముందే పడిపోతాయి. కానీ ఎదుటివాడు మస్కటీర్లనో ఈటెలవాళ్లనో దగ్గరదగ్గరగా నిలబెట్టి మీదకి వస్తుంటే, మన ఈటెలవాళ్లని ముందు పెట్టి వాళ్ల వెనక నాలుగైదు ఫ్లేమ్ త్రోయర్లు ఉంచి చూడండి. ఆ యూనిట్ గేమ్ వాళ్లు కల్పించింది కూడా కాదు. పంపులోంచి మండే నూనెని చిమ్మే యంత్రాన్ని సోంగ్ కాలంలో 1044లో పూర్తయిన వూజింగ్ జోంగ్‌యావో అనే సైనిక గ్రంథంలో బొమ్మతో సహా వర్ణించారు.

ఇక ఫ్లయింగ్ క్రో. దీన్ని కాసిల్‌లో తయారు చెయ్యలేం, హోమ్ సిటీ నుంచి సాయంగా వచ్చే షిప్‌మెంట్‌లో రావాలి, లేదంటే కన్ఫ్యూషియన్ అకాడమీ అనే వండర్ (ప్రత్యేక కట్టడం) కడితే అది కొంత కొంత సమయానికి ఒకటి చొప్పున ఇస్తూ ఉంటుంది. ఒకేసారి చాలా రాకెట్లు వదులుతుంది, గుంపు మీద పడితే నష్టం చాలా ఎక్కువ. పేరు వెనక అసలుది మింగ్ కాలపు ఆయుధాల గ్రంథం హువోలాంగ్‌జింగ్‌లో ఉన్న కాకి ఆకారపు రెక్కల రాకెట్, దివ్యాగ్ని కాకి అని దాని పేరుకి అర్థం. నేను మాత్రం ఆ వండర్‌ని క్రోల కోసమే కట్టమని చెప్పను. వచ్చేది నెమ్మదిగా, పోయేది ఒక్క క్షణంలో. పోతే మళ్లీ కొనుక్కోలేని యూనిట్ మీద యుద్ధ ప్రణాళిక కట్టుకుంటే ఆ యూనిట్‌ని కాపాడుకోవడమే మన ఆట అయిపోతుంది. ట్రీటీ ఆటల్లో, అంటే కొంతసేపటి వరకు ఎవరూ దాడి చెయ్యకూడదనే ఒప్పందం మీద ఆడేవాటిలో అయితే సంగతి వేరు, ఒప్పందం ముగిసేలోపు అవి పోగుపడతాయి.

జపాన్ గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే ఇక్కడ పెద్దగా తికమక లేదు. ఫ్లేమింగ్ ఆరో కాల్బలం గుంపుల మీదకి, మొరుతారు గోడలు, కోటల మీదకి. యూరప్ నుంచి వచ్చినవాళ్లకి అలవాటైన లెక్కకి దగ్గరగా ఉండేది ఇదే. జపాన్ బలం ఫిరంగుల్లో లేదు, అషిగారు తుపాకులవాళ్లలో, సమురాయ్‌లలో ఉంది, ఫిరంగి వాళ్లకి తోడు మాత్రమే. అందుకే జపాన్‌తో ఆడేటప్పుడు నేను ఫ్లేమింగ్ ఆరోలు మూడో నాలుగో తప్ప ఎక్కువ తియ్యను. అషిగారులు ఎదుటివాడి గుర్రాలని ఆపగలరు కాబట్టి ఆ మూడూ చాలాసేపు బతుకుతాయి. గుర్రాలు దగ్గరకి రానంతవరకు ఫిరంగి ఎంత చిన్నదైనా దాని పని అది చేసుకుపోతుంది.

నిజం చరిత్రలో కూడా ఇది కొంతవరకు సరిపోతుంది. 1543లో తనెగాషిమా దీవికి పోర్చుగీసు తుపాకులు వచ్చాక జపాన్ వాళ్లు తుపాకిని ఎంత వేగంగా సొంతం చేసుకున్నారో పెద్ద ఫిరంగిని అంత వేగంగా సొంతం చేసుకోలేదు. అయినా ఫిరంగి ఫలితం తేల్చిన సందర్భం ఒకటుంది. 1614 చలికాలంలో మాజీ షోగన్ తొకుగావా ఇయెయాసు ఒసాకా కోటని ముట్టడించినప్పుడు ఇంగ్లీషు, డచ్చి వర్తకుల దగ్గర సంపాదించిన ఫిరంగులతో కోట లోపలికి కాల్పించాడు. ఆ కాల్పుల ఒత్తిడిలో లోపలివాళ్లు రాజీకి ఒప్పుకున్నారు, కందకాలు పూడ్చేశారు, మరుసటి ఏడాది కోట పడిపోయింది. గేమ్‌లో ఆసియా దేశాలకి కాన్సులేట్ అనే బిల్డింగ్ ఉంది చూడండి, ఎక్స్‌పోర్ట్ అనే వనరు పోగుచేసి యూరప్ దేశంతో పొత్తు పెట్టుకుని వాళ్ల సైన్యాన్నీ సాయాన్నీ తెచ్చుకోవచ్చు, జపాన్‌కైతే ఎవరితోనూ పొత్తు వద్దని ఏకాంతంగా ఉండే దారి కూడా ఉంది. చాలామంది ఈ కాన్సులేట్‌ని అదనపు హంగులా చూస్తారు. ఒసాకా కథ తెలిశాక నాకు అది గేమ్‌లో అన్నిటికంటే చరిత్రకి దగ్గరైన బిల్డింగ్ అనిపిస్తుంది.

ఈ సందర్భంలో ఒక చిన్న మాట చెప్పి తీరాలి. మన ఫిరంగి అనే మాట ఫ్రాంకుల నుంచి, అంటే యూరప్ వాళ్లని పారసీకంలో పిలిచే ఫరంగీ అనే మాట నుంచి వచ్చింది, వాళ్లనే మనం పరంగివాళ్లు అన్నాం. బాబర్ తన జ్ఞాపకాల్లో తన ఫిరంగులకి అదే పేరు వాడాడు. చైనాలో 1520ల నుంచి పోర్చుగీసు వాళ్ల దగ్గర నేర్చుకున్న ఫిరంగిని ఫోలాంగ్‌జీ అన్నారు. జపాన్‌లో ఓతొమో సోరిన్ అనే ప్రాంతీయ ప్రభువు పోర్చుగీసు వాళ్ల దగ్గర తెచ్చుకున్న ఫిరంగి ఆ రకానిదే, అక్కడ ఫురాంకి అన్నారు, దానికి పెట్టుకున్న సొంత పేరు కునికుజుషి, దేశాన్ని కూల్చేది అని. మూడు దేశాల్లో ఒకే మాట! గేమ్‌లో మూడింటి ఫిరంగులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపిస్తాయి గానీ, పేరు దగ్గర మాత్రం మూడూ చుట్టాలే.

ఇప్పుడు ఇండియా. నేను ఎక్కువగా ఆడేదీ, ఎక్కువగా ఓడిపోయిందీ దీనితోనే.

కాసిల్‌లో రెండే ఉంటాయి. ఫ్లెయిల్ ఎలిఫెంట్ దగ్గరకి వెళ్లి బిల్డింగులని పడగొడుతుంది, అది ఫిరంగి కాదు, గోడల్ని గుద్ది కూల్చే కదిలే దూలం లాంటిది. సీజ్ ఎలిఫెంట్ అంటే ఫిరంగి మోసే ఏనుగు. నేను మొదట్లో ఈ సీజ్ ఎలిఫెంట్‌ని చూసి, ఇంత పెద్ద ఏనుగు మీద ఫిరంగి ఉందంటే ఇది కాల్బలాన్ని ఊడ్చేస్తుందని అనుకున్నాను. నా స్నేహితుడు ఎప్పుడూ ఆటోమన్లతోనే ఆడతాడు. అతని జానిసరీల (తుపాకులతో పోరాడే ఆటోమన్ కాల్బలం) గుంపు మీదకి నాలుగు సీజ్ ఎలిఫెంట్లని పంపాను. జానిసరీలు వాటిని లెక్కచెయ్యకుండా మీదకి వచ్చేశారు, ఏనుగులు ఎన్ని దెబ్బలు కాల్చినా వాళ్లకి పెద్ద నష్టం కనబడలేదు, కాసేపటికి నాలుగూ పోయాయి, వాటితోపాటు పాపులేషన్‌లో పెద్ద భాగం పోయింది. ఒక్కో ఏనుగు ఎంత చోటు తీసుకుంటుందో పోయిన తర్వాత గానీ తెలియదు.

తప్పు యూనిట్‌ది కాదు. సీజ్ ఎలిఫెంట్ కల్వరిన్ జాతిది. ఎదుటివాడి ఫిరంగులు, బిల్డింగులు, ఓడలు, ఇవే దాని పని. కాల్బలం గుంపుని చీల్చే ఫాల్కనెట్ పని చెయ్యడానికి ఇండియా కాసిల్‌లో ఎవరూ లేరు. ఇది ఒప్పుకున్న రోజు నుంచి నా ఆట మారింది. ఆ పని గూర్ఖాలు చెయ్యాలి. గూర్ఖాలు దూరం నుంచి కాల్చే తేలికపాటి కాల్బలం, జానిసరీలాంటి బరువైన కాల్బలానికి సరైన జవాబు వాళ్లే. మరి ఎదుటివాడు గూర్ఖాల మీదకి ఫాల్కనెట్లు తెస్తాడు, ఆటోమన్ల పెద్ద ఫిరంగి గ్రేట్ బొంబార్డ్ తెస్తాడు. అప్పుడు సీజ్ ఎలిఫెంట్ మాట్లాడాలి. అంటే ఏనుగు కాపాడేది గూర్ఖాని, గూర్ఖా చంపేది కాల్బలాన్ని. ఏనుగుల మీదకి గుర్రాలు వస్తే వాటిని ఆపడానికి సిపాయిలు, అంటే ఇండియా తుపాకుల కాల్బలం, ఏనుగుల పక్కనే ఉండాలి, ముందు కాదు, పక్కనే. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా మొత్తం వరస కూలిపోతుంది. చైనాతో ఆడేవాడు ఒక పొరపాటు చేస్తే ఇంకో పది హ్యాండ్ మోర్టార్లు తీసుకుంటాడు, ఇండియాకి ఆ వెసులుబాటు లేదు.

చార్మినార్ గేట్ వండర్ కట్టినవాళ్లకి మన్సబ్దార్ యూనిట్లు వస్తాయి, ఒక మన్సబ్దార్ దగ్గర ఉన్నంతసేపు అదే రకం సైనికులు బలంగా పోరాడతారు. నేను గూర్ఖా మన్సబ్దార్‌నే తీసుకుంటాను. మనకి లేని ఫాల్కనెట్ పనిని మోసేది గూర్ఖాలే కాబట్టి బలం వాళ్లకే ఇవ్వాలి.

ఏనుగు మీద ఫిరంగి అనేది ఊహ కాదు. అక్బర్ కాలపు ఐన్-ఇ-అక్బరీలో గజ్‌నాల్ అని ఒక రకం ఉంది, ఒక ఏనుగు మోసుకెళ్లే తుపాకి, ఒక మనిషి మోసేదాన్ని నర్‌నాల్ అన్నారు. కానీ పెద్ద ఫిరంగులని లాగింది ప్రధానంగా ఎద్దులు, బురదలో, ఎత్తుల్లో ఇరుక్కుంటే ఏనుగులు వెనక నుంచి నెట్టేవి. ఒంటె మీద తిరిగే చిన్న ఫిరంగి జంబూరక్ కూడా అసలు తేలికపాటి ఆర్టిలరీయే. 1761 పానిపట్టులో అహ్మద్ షా అబ్దాలీ వాటిని వాడాడు, ఎదుట మరాఠాల వైపు ఇబ్రహీం ఖాన్ గార్దీ ఫిరంగులున్నాయి. గేమ్‌లో జంబూరక్‌ని ఒంటె మీద కూర్చుని గుర్రాలని కాల్చే అశ్వదళంగా మార్చేశారు. ఆట సమతూకం కోసం అలా చేశారని అర్థమవుతుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు, ఆ యూనిట్ గుర్రాల మీద చాలా బాగా పనిచేస్తుంది.

నా ఫిర్యాదు రాకెట్ల గురించి. హైదర్ అలీ, టిపూ సుల్తాన్ సైన్యాలు ఇనుప గొట్టాల రాకెట్లు వాడాయి. కాగితంతోనో వెదురుతోనో చేసిన గొట్టం కంటే ఇనుప గొట్టం లోపలి ఒత్తిడిని ఎక్కువ తట్టుకుంటుంది, అందుకే అవి ఇంకా దూరం పోయేవి. 1780 సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర ఈస్టిండియా కంపెనీ కర్నల్ బెయిలీ దళం పూర్తిగా ఓడిపోయిన యుద్ధంలో ఆ రాకెట్లు ఉన్నాయి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక దొరికిన రాకెట్లని ఇంగ్లండుకి తీసుకెళ్లారు, వూలిచ్‌లో విలియం కాంగ్రీవ్ వాటిని చూసి తన రాకెట్లు తయారు చేశాడు, 1807లో కోపెన్‌హాగెన్ మీద వాటిని కురిపించారు. ఇప్పుడు గేమ్ తెరిచి చూడండి. రాకెట్ అనే యూనిట్ ఎవరిది? బ్రిటిష్ వాళ్లది, వాళ్ల ప్రత్యేక యూనిట్. ఇండియా కాసిల్‌లో మాత్రం రాకెట్ లేదు. మనకి గుంపుని చెదరగొట్టే ఆర్టిలరీ లేదని పైన ఇంతసేపు చెప్పాను కదా, ఆ ఖాళీకి సరిగ్గా సరిపోయేది మైసూరు రాకెట్టే. ఆట పరంగా చూసినా, చరిత్ర పరంగా చూసినా దాన్ని పెట్టకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ యూనిట్ ఒక్కటి ఉంటే ఇండియా ఆట చైనా అంత సులువు కాకపోయినా, ఏనుగుల కోసం ప్రతి క్షణం కాపలా కాసే పరిస్థితి ఉండేది కాదు.

గేమ్‌లో కొరియా లేకపోవడం కూడా అలాంటిదే. 1451లో కొరియా రాజు మున్‌జోంగ్ మెరుగుపరిచిన హ్వాచా ఒకేసారి వంద రాకెట్ బాణాలు వదిలే బండి. 1593లో హేంగ్జు కోట దగ్గర కొరియా సేనాని క్వోన్ యుల్ సైన్యం జపాన్ దాడిని తిప్పికొట్టినప్పుడు అవి వాడారు. చైనా ఫ్లయింగ్ క్రో పక్కన హ్వాచాని పెట్టి పోల్చుకునే అవకాశం ఉంటే ఎంత బాగుండేది.

మరి మూడింట్లో ఏది మంచిదంటే, ఫిరంగుల వరకే చూస్తే నా ఓటు చైనాకి. హ్యాండ్ మోర్టార్ ఒక్కటి చాలు ఆ మాట అనడానికి. కానీ హ్యాండ్ మోర్టార్లకి భయపడేది ఫిరంగులున్నవాడే. ఎదుటివాడు ఫిరంగులు తియ్యకుండా గుర్రాలతోనే వస్తే అవన్నీ ఖాళీగా నిలబడతాయి, గుర్రాల ముందు చాలా వేగంగా చస్తాయి కూడా. అందుకే ముందు గుర్రాన్ని పంపి ఎదుటివాడి కార్ఖానాలు చూసి రండి. ఫౌండ్రీ కనబడితే హ్యాండ్ మోర్టార్, లాయాలు కనబడితే కియాంగ్ ఈటెలవాళ్లు, ఆ తర్వాతే కాసిల్ గురించి ఆలోచించండి.

పోయిన వారం మళ్లీ అదే స్నేహితుడితో ఆడాను, నేను ఇండియా, అతను ఆటోమన్. ఈసారి కాసిల్‌ని నది రేవు దగ్గర ముందుకు కట్టి, ఇరవై గూర్ఖాలని దాని నీడలో ఉంచి, సీజ్ ఎలిఫెంట్లు రెండే తీశాను. అతను రెండు గ్రేట్ బొంబార్డ్‌లు తెచ్చి విప్పుతుండగా రెండు ఏనుగులతోనూ ఒకే దాని మీద గురి పెట్టాను, అది పడిపోయింది, రెండోది ఒక్కసారి కాల్చి ఆరుగురు గూర్ఖాలని తీసుకుపోయింది, తర్వాత అదీ పడింది. గుర్రాలు వచ్చేసరికి సిపాయిలు పక్కనే ఉన్నారు. గంటకి పైగా సాగిన ఆ ఆట చివరికి నేనే గెలిచాను. అతను వెంటనే ఇంకో ఆట అడిగాడు, ఈసారి తను ఇండియా తీసుకుంటానన్నాడు.